బాక్సులో మిగిలింది ఇంటికే పంపిస్తాం

తల్లిదండ్రులకు, ఇళ్లలో ఉన్న అవ్వాతాతలకు నమస్కారం.

ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం మా ఆయమ్మ నా గదికి వచ్చి, "మేడమ్, కొళాయి కాడ నీళ్లు పోతా లేవు, ఒకసారి వచ్చి చూడండి" అంది. వెళ్లి చూస్తే కాలువ జాలీకి అడ్డంగా పెరుగన్నం, పులిహోర, సగం కొరికిన ఇడ్లీలు, ఎండిపోయిన దోసె ముక్కలు. నేను అక్కడ నిలబడి ఉండగానే యూకేజీ పాప ఒకతె బాక్సు పట్టుకొని వచ్చింది. నన్ను చూసి బాక్సు వీపు వెనక దాచుకుంది. పక్కన కూర్చోబెట్టుకొని అడిగితే చాలాసేపు తల ఎత్తలేదు. చివరికి, "బాక్సు ఖాళీ కాకుంటే అమ్మ తిడ్తాది మేడమ్" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఐదేళ్ల పిల్లకు అన్నం మీద చిన్నచూపు ఎందుకుంటుంది? సాయంత్రం అమ్మ మూత తీసి చూసి సంతోషపడాలి, దాని ఆశ అంతే. బిడ్డ కడుపు నిండాలని మనం ప్రేమతో పెట్టిన షరతే బిడ్డను కాలువ దగ్గరికి పంపుతోంది. అందుకే ఈ నెల పరీక్షలు, దసరా సెలవుల వివరాలు వెనక పేజీకి పంపి, ముందు అన్నం గురించి రాస్తున్నాను.

ఇకమీదట మన బడిలో ఎవరూ బాక్సులోని అన్నం పారేయరు. మిగిలింది మూత పెట్టి అలాగే ఇంటికి పంపిస్తాం. మీరు చేయాల్సింది ఒక్కటే. మిగిలిన బాక్సు చూసి పిల్లల్ని తిట్టకండి. ఎంత మిగిలిందో చూసి, ఏమైందని అడగండి. రేపు అంతే తగ్గించి పెట్టండి. ఇంటికి వచ్చిన అన్నం మళ్లీ తినిపించమని కాదు నేను చెప్పేది. పొద్దున ఏడింటికి కట్టిన అన్నం సాయంత్రానికి ఎలా ఉంటుందో మీకు తెలుసు. మిగిలిన సంగతి మీ కళ్లకు కనబడాలి. ఇన్నాళ్లూ అది ఆయమ్మ ఒక్కదానికే కనబడుతూ వచ్చింది.

ఈ నిర్ణయానికి ముందు కొన్ని రోజుల పాటు పిల్లలతోనే ఒక పని చేయించాం. కొళాయి దగ్గర లోపలిది బయటికి కనబడే ప్లాస్టిక్ బకెట్ ఒకటి పెట్టి, మిగిలిందంతా అందులో వేయమన్నాం. భోజనం అయ్యాక నాలుగో తరగతి పిల్లలు వచ్చి బకెట్ మీద ఎంతవరకు నిండిందో మార్కర్‌తో గీత గీసి, పక్కన వారం పేరు రాసేవాళ్లు. సోమవారం గీత దాదాపు పట్టీ దగ్గర పడింది. ఎవరినీ ఏమీ అనలేదు. వేలెత్తి చూపొద్దని టీచర్లకు ముందే చెప్పాను. ఏం మిగిలింది, ఎందుకు మిగిలింది అని మాత్రం అడిగి రాసుకోమన్నాం. పిల్లలు రాసిన కాగితం నా టేబుల్ మీదే ఉంది. "వాసన వస్తాంది", "గట్టిగా ఉంది", "శానా పెట్టినారు", "ఆటకు టైమ్ అయిపోతాది". అన్నం ఇష్టం లేదన్న పిల్లలు ఇద్దరో ముగ్గురో.

ఈ నాలుగింటిలో చివరిది మా తప్పు. మొదట భోజనం, తర్వాత ఆట అని బెల్ పెట్టింది మేమే. బయట పిల్లలు అరుస్తుంటే లోపల కూర్చొని ఏ బిడ్డ తింటుంది? రెండు ముద్దలు మింగి, మిగిలింది కాలువలో పోసి పరుగెత్తేవాళ్లు. ఇప్పుడు బెల్ మార్చాం. ముందు పావుగంట ఆట, తర్వాత చేతులు కడుక్కొని నింపాదిగా అరగంట భోజనం. ఆడి వచ్చిన పిల్లలు నిజంగా ఆకలితో కూర్చుంటున్నారు. ఆ ఒక్క మార్పుతోనే మరుసటి వారం బకెట్ మీద గీత బాగా కిందికి దిగింది. ఇన్నేళ్లు ఈ ఆలోచన రానందుకు నేను బాధపడ్డాను.

మిగతా మూడూ మీ వంటింట్లో తేలాలి. వాసన సంగతి ముందు చెప్తాను. ఉడుకుడుకు అన్నం పెట్టి వెంటనే మూత బిగిస్తే ఆవిరి లోపలే నీళ్లై, తిరుపతి ఎండకు మధ్యాహ్నానికి అన్నం పాచిపోతుంది. పళ్లెంలో కాసేపు ఆరబెట్టి కట్టండి. పెరుగన్నానికి మన అవ్వలు చేసిన పద్ధతే మంచిది. మెత్తగా మెదిపిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక చెంచా మాత్రం కలిపితే, భోజనం వేళకు సరిగ్గా తోడుకొని తియ్యగా ఉంటుంది. పొద్దునే పుల్లటి పెరుగు పోస్తే మధ్యాహ్నానికి నోట్లో పెట్టుకోలేం. పాచిపోయిన అన్నం మాత్రం తినమని మేం ఎప్పుడూ చెప్పం. వాసన వస్తే టీచర్‌కు చూపించమని పిల్లలకు చెప్పాం.

ఇక ఎంత పెట్టాలన్నది. చిన్నపిల్లల ఆకలి రోజూ ఒకేలా ఉండదు. నిన్న రెండు ఇడ్లీలు తిన్న బిడ్డ ఈరోజు ఒకటితో చాలంటుంది. అది మొండితనం కాదు. పొట్ట చెప్పిన మాట అది వింటోంది. "ఈ ఒక్క ముద్ద, ఇదే చివరి ముద్ద" అని మనం కుక్కుతూ పోతే ఆ మాట వినడం మరిచిపోతుంది. అన్నం పారేయొద్దు అని నేర్పడానికి బలవంతంగా తినిపించడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. పెద్ద బాక్సులో సగం పెట్టినా పిల్లలకు కొండంత కనిపిస్తుంది, చిన్న బాక్సు కొనండి. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు పెద్ద అరటిపండు పెడితే సగం నల్లబడి మిగులుతోంది, ఏలక్కి అరటి ఒకటి చాలు. కోసిన ఆపిల్ రంగు మారితే ముట్టుకోవడం లేదు, జామకాయ ముక్కలు మాత్రం ఒక్కటీ మిగలడం లేదు. కొత్త కూర పెట్టాలనుకుంటే పిడికెడు కాదు, చెంచాడు పెట్టండి. పిల్లలకు ఒక కొత్త రుచి అలవాటు కావడానికి పది పదిహేను సార్లు పట్టడం మామూలే. కాకరకాయ ఒకసారి వద్దంటే ఎప్పటికీ వద్దని కాదు.

ఇంకో సంగతి. మనది తిరుపతి. ఎవరైనా కొండకు వెళ్లొచ్చి లడ్డూ తెస్తే క్లాసులో తలా చిటికెడు పంచుతాం. ఒక్క బూంది కింద పడినా పిల్లలు గబుక్కున ఏరుకొని కళ్లకద్దుకొని నోట్లో వేసుకుంటారు. అదే పిల్లలు కాసేపటికి అన్నం కాలువలో పోస్తున్నారు. ఇది మనసులో పెట్టుకొని రెండో తరగతికి వెళ్లి అడిగాను. ఒక బాబు వెంటనే, "అది ప్రసాదం, ఇది అన్నం కదా మేడమ్" అన్నాడు. కొండమీద అన్నప్రసాదం తిన్నవాళ్లు చేతులెత్తమంటే దాదాపు అందరూ ఎత్తారు. అక్కడ ఏం పెట్టారని అడిగితే అన్నం, సాంబారు, రసం, మజ్జిగ అని వాళ్లే చెప్పారు. 1985లో అక్కడ నిత్యాన్నదానం మొదలైంది. ఇప్పుడు మనం భోంచేసే పెద్ద భవనానికి స్వామి భక్తురాలు, కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. ఆమె పుట్టిన తరిగొండ మన పాత చిత్తూరు జిల్లా ఊరే అని చెప్పాను. అంతలో వెనక బెంచీలో ఒక పాప లేచి, "మా అవ్వ కూడా స్వామికి పెట్టినాకే నాకు బాక్సు కడతాది" అంది. క్లాసంతా ఒక్క క్షణం తమ తమ బాక్సుల వైపు చూసుకుంది. నేను ఇంకేమీ చెప్పలేదు.

ఏర్పేడు వైపు సేద్యం చేసే ఒక తాతగారు, మన బడి పిల్లల బంధువు, అడగ్గానే వచ్చి నాలుగు వరి కంకులు తెచ్చి ఇచ్చారు. పిల్లలు నేల మీద కాగితం పరిచి ఒక్కో కంకిలో గింజలు లెక్కపెట్టారు. నూరు దాటాక లెక్క తప్పడం, మళ్లీ మొదలుపెట్టడం. నారు పోసిన కాడ్నుంచి కోత దాకా నాలుగు నెలలు పడుతుందని ఆయన చెప్తే, ఒక పిల్లవాడు "నాలుగు నెలలూ ఏం చేస్తారు తాతా?" అని అడిగాడు. "చూసుకుంటా ఉంటాం నాయనా" అన్నారు ఆయన. తర్వాత నాట్లు, కలుపు, నీళ్లు కట్టడం, రాత్రిళ్లు పందులు పడకుండా కాపలా, అన్నీ ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. పోతూ పోతూ కాగితం మీంచి కింద దొర్లిన గింజలు వంగి ఏరి జేబులో వేసుకున్నారు. పిల్లలందరూ అది చూశారు. ఆయన చెప్పిన అన్ని మాటలకంటే ఆ వంగడం వాళ్లకు ఎక్కువ గుర్తుండిపోయింది. ఇళ్లలో దాని గురించే చెప్పారని మీలో కొందరు నాతో అన్నారు.

ఐదో తరగతికి దీన్నే లెక్కగా ఇచ్చాం. కిలో వడ్లు పండాలంటే వాననీళ్లు, కాలువనీళ్లు కలిపి సగటున సుమారు 2,500 లీటర్లు కావాలి. మనం ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఎన్ని? 125. క్యాన్ల బొమ్మలు గీయడం మొదలుపెట్టి కాగితం చాలక ఆపేశారు.

పెళ్లిళ్లలో, హోటళ్లలోనే అన్నం ఎక్కువ పారేస్తారని మనం అనుకుంటాం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక చూడండి. 2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయితే, అందులో 60 శాతం ఇళ్లలోనే. మన దేశంలో ఇళ్లలో మనిషికి ఏడాదికి దాదాపు 55 కిలోలు. తొక్కలు, ఎముకలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. అయినా 25 కిలోల బియ్యం మూటలు రెండింటి కంటే ఎక్కువ బరువు. అందుకే ఈ ఉత్తరం మీ ఇంటికి రాస్తున్నాను.

మిగిలింది వీధిలో ఆవులకు పెడుతున్నాం కదా మేడమ్, వృథా ఎక్కడైంది అని ఒక అమ్మ అడిగారు. మంచి మనసుతోనే పెడతారు, నాకు తెలుసు. కానీ వండిన అన్నం ఎక్కువైతే ఆవు పొట్ట పులిసి జబ్బు చేస్తుందని పశువైద్యులు చెప్తారు. పైగా అన్నం ప్లాస్టిక్ కవర్లో ముడివేసి విసిరితే ఆవు కవరుతో సహా మింగుతుంది. మా ఊళ్లో చిన్నప్పుడు బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలో పోసేవాళ్లం. మీ ఇంటి దగ్గర పశువులున్న వాళ్లెవరైనా ఉంటే తొక్కలు వాళ్లకు ఇవ్వండి. బడిలో పండ్ల తొక్కలన్నీ కానుగ చెట్టు కింద గుంతలో వేసి ఎండాకులు కప్పుతున్నాం. ఆ పని మూడో తరగతి పిల్లలది.

పుట్టినరోజులకు ఇక కేక్ వద్దు. ముఖానికి పూయడానికి సగం పోతోంది, చిన్నపిల్లలు అది చూసి నేర్చుకుంటున్నారు. శనక్కాయ ఉండలో, అరటిపండ్లో తెండి, అందరికీ పంచుదాం.

ఇక శనివారం భోజనం. ఆ రోజు బాక్సు పంపవద్దు. బడిలోనే పప్పన్నం, ఒక కూర, మజ్జిగ వండిస్తున్నాం. పిల్లలే వరుసలో వచ్చి తమ పళ్లెంలో తామే వడ్డించుకుంటారు. "కొంచెం చాలు" అనొచ్చు, "ఇంకొంచెం" అని ఎన్నిసార్లైనా రావచ్చు. మొదటి శనివారం పిల్లలు గరిటె నిండా వేసుకున్నారు, సగం మిగిలింది. మూడో శనివారానికి ఒకటో తరగతి బాబు ఒకడు గరిటెలో అన్నం తీసుకొని, కాసేపు చూసి, సగం మళ్లీ గిన్నెలో వేసి, "సాలకపోతే మళ్లా వస్తా" అని ఆయమ్మతో చెప్పి వెళ్లాడు. మళ్లీ వచ్చాడు కూడా.

ఇంట్లో కూడా వారానికి ఒక్కపూట పిల్లల చేతికి గరిటె ఇచ్చి చూడండి. నాలుగు మెతుకులు కింద పడతాయి, ఫరవాలేదు, ఏరుకుంటారు.

శనివారాలు వంటకు, వడ్డనకు ఇద్దరు పెద్దల సాయం కావాలి. అమ్మ, నాన్న, అవ్వ, తాత, ఎవరైనా సరే. రాగలిగిన వాళ్లు పిల్లల డైరీలో ఆ తేదీ రాసి పంపండి. కూరగాయలు తరిగే పని పదిన్నరకు మొదలవుతుంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు