గిడుగు వారికి దండ వేస్తున్నాం, సవర పిల్లల్ని మరిచిపోతున్నాం

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఉపాధ్యాయ దినోత్సవానికి మీరు వేసిన ప్రత్యేక పేజీ చదివాను. సోక్రటీసు, బుద్ధుడు, కన్ఫ్యూషియస్ దగ్గర్నుంచి సావిత్రిబాయి ఫూలే, రాధాకృష్ణన్ గారి వరకు లోకాన్ని మార్చిన గురువుల్ని ఒక్కచోట చేర్చారు, కందుకూరి వీరేశలింగం గారికీ చోటిచ్చారు, సంతోషం. కానీ గిడుగు రామమూర్తి పంతులు గారు ఎక్కడా కనబడలేదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి ఆయన గురించి రాశాం కదా, మళ్లీ ఎందుకు అనుకుని ఉంటారు. నా బాధ అదే. వ్యావహారిక భాష కోసం పోరాడిన పండితుడిగా ఆయన్ని గుర్తు పెట్టుకున్నాం గానీ, బడిపంతులుగా మరిచిపోయాం.

1880లో 30 రూపాయల జీతానికి పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఫస్ట్ ఫారం (ఇప్పటి ఆరో తరగతి) పిల్లలకు చరిత్ర చెప్పే పనిలో చేరారాయన. చిన్నప్పుడే తండ్రి పోయాడు, ఇంటి బరువు మీదుంది, వయసు చూస్తే పదహారు పదిహేడేళ్లు. అలాంటి కుర్రాడు తన పాఠం తాను చెప్పుకుని ఇంటికి పోతే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కానీ ఆయన చుట్టూ కొండల మీదున్న సవరలనే గిరిజనుల పిల్లలకు చదువెందుకు లేదని ఆలోచించాడు, చెప్పాలంటే ముందు వాళ్ల మాట తనకు రావాలని అర్థం చేసుకున్నాడు. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒకాయన్ని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. లిపి లేని భాషలో పిల్లలకు వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బళ్లు పెట్టి పంతుళ్ల జీతాలు కూడా తనే ఇచ్చాడు. ప్రభుత్వం మెచ్చుకుని బహుమతి ఇస్తానంటే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి చాలు అన్నాడు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నాడు. లిపి లేని భాషను చెవితోనే పట్టుకోవాలి, ఆ చెవులే పోయినా పని ఆపలేదు. 1931లో సవర వ్యాకరణం, తర్వాత నిఘంటువు అచ్చయ్యాయి.

తెలుగు వాచకాల్లో జనం మాట్లాడే భాష ఉండాలన్న పోరాటం తర్వాతి సంగతి. పుస్తకంలో ఒక తెలుగు, బయట ఇంకో తెలుగు ఎందుకుందని 1907 ప్రాంతంలో యేట్స్ అనే స్కూళ్ల ఇన్‌స్పెక్టరు అడిగాడు, ఆ ప్రశ్నను గిడుగు వారు గట్టిగా పట్టుకున్నారు. నన్నడిగితే, సవర పిల్లాడి కష్టం అప్పటికే చూసిన పంతులు కాబట్టే తెలుగు పిల్లాడి కష్టం కూడా ఆయనకు అంత తొందరగా కనబడింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేశాను. నాకు సవర ఒక్క ముక్క రాదు. ఒకటో తరగతిలో పద్నాలుగు మంది, అందరివీ సవర ఇళ్లే. నేను తెలుగులో అడుగుతుంటే నా నోటి వైపే చూస్తూ కూర్చునేవాళ్లు. నాలుగో తరగతి చదివే ఒక పాప వచ్చి నా మాట వాళ్లకు, వాళ్ల మాట నాకు చెప్పేది. జీడిపిక్కలు ఏరే రోజుల్లో ఆ పాప బడికి రాకపోతే ఆ పూట నా పాఠం ఆగిపోయేది. ఒక పిల్లాడు ఏడాదంతా నోరు విప్పకపోతే చదువు అబ్బదని నేనే అనుకున్నాను. సాయంత్రం వాగు దగ్గర వాడు తోటి పిల్లలకు ఏదో కథ చెబుతూ, చేతులు తిప్పుతూ, అందరినీ నవ్విస్తుంటే చూశాను. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు. రానిది వాడికి కాదు, నాకు.

చట్టాలు లేక కాదు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది, 1956 నుంచీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం, 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనంత వరకు అదే చేయమన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలోనే సుమారు ఇరవై ఏళ్ల కిందట సవర, కువి, కోయ, గోండి లాంటి భాషల్లో వాచకాలు తయారుచేసి బహుభాషా విద్య మొదలుపెట్టారు. ఆ పుస్తకాలు నేను చేత్తో పట్టుకున్నాను, చాలా బాగున్నాయి. కానీ పుస్తకం ఉంటే చాలదు, అది చదివి చెప్పే మనిషి కావాలి. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న ప్రభుత్వ ఉత్తర్వు జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రిజర్వేషన్ సంగతి కోర్టులు, ప్రభుత్వాలు చూసుకుంటాయి, భాష సంగతి ఎవరు చూస్తారు? సవర ఊళ్లో ఒకటో తరగతి చెప్పే టీచరుకు సవర రావాలని ఒక్క నిబంధన పెట్టడానికి ఏం అడ్డం? రానివాళ్లకు ఆరు నెలలు జీతమిచ్చి నేర్పించండి, నేర్పే పెద్దవాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు.

తల్లిదండ్రులే ఇంగ్లీషు మీడియం కావాలంటున్నారు కదా అని కొందరంటారు. అడగాలి, వాళ్ల పిల్లలకూ ఉద్యోగాలు రావాలి. కానీ ఇంట్లో వినని తెలుగులో, దాని మీద ఇంకా వినని ఇంగ్లీషులో ఆరేళ్ల పిల్లని కూర్చోబెడితే రెండూ రావు. సొంత మాటలో అక్షరం పట్టుకున్న పిల్ల మూడో తరగతికల్లా తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషు హాయిగా అందుకుంటుంది.

మీకు ఒక విన్నపం. వచ్చే ఆగస్టు 29కి గిడుగు వారి ఫోటో వేసే ముందు మీ విలేకరిని సీతంపేట వైపు ఏదైనా కొండమీది బడికి పంపండి. ఒకటో తరగతిలో ఒక గంట కూర్చుని, టీచరు ఏ భాషలో అడుగుతున్నారో, పిల్లలు ఏ భాషలో జవాబిస్తున్నారో, ఎంతమంది ఊరికే కూర్చున్నారో చూసి రాయమనండి. ఆయన ఫోటో పక్కనే అది అచ్చువేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా