కంది పొడికి బదులు చెనిక్కాయల పొడి వెళ్లింది

వినాయక చవితి వారంలో మా దగ్గర్నుంచి వెళ్లిన పార్సిళ్లలో పదకొండు తారుమారయ్యాయి. కొరియర్ వాళ్ల తప్పేం లేదు, తిరుపతి కరకంబాడి రోడ్డులో మా గోడౌన్‌లోనే జరిగింది. ఆ పదకొండు మందికీ సరైన సరుకు మళ్లీ పంపాం. అయినా ఏళ్ల తరబడి మా దగ్గరే కొంటున్న మీకు జరిగింది జరిగినట్టు చెప్పాలి.

మొదట్లో ఒక్కో ఆర్డర్ చీటీకీ ఒకసారి ర్యాకులన్నీ తిరిగి వచ్చేవాళ్లం. తప్పులు తక్కువే, కానీ పొద్దంతా నడకే. ఆర్డర్లు పెరిగాక పన్నెండు చీటీలు కలిపి తీయడం మొదలుపెట్టాం. ఐదుగురు కంది పొడి రాస్తే ఐదు డబ్బాలూ ఒకేసారి తీసి బుట్టలో వేయడం, చివర్లో బల్ల మీద ఎవరివి వాళ్లకు పంచడం. నడక బాగా తగ్గింది. ఆ పంచే దగ్గరే దెబ్బ తిన్నాం. కంది పొడికీ చెనిక్కాయల పొడికీ ఒకే సైజు డబ్బా, ఒకే ఎర్ర మూత. పచ్చ మూతలు అడిగితే డీలరు ఎర్రవే పంపాడు, సరేలెమ్మని దించుకున్నది నేనే. నాలుగింటికి వ్యాన్ వచ్చేస్తుందన్న టెన్షన్‌లో మావాళ్లు చేతికందింది పెట్టేశారు.

చిత్తూరులో ఒక అక్కవాళ్ల బాబుకు చెనిక్కాయలు పడవు. మూత తీయగానే వాసన తెలిసి ఆమె పక్కన పెట్టేశారు. ఫోన్లో నన్ను ఒక్క మాట అనలేదు. "మీ డబ్బా కదా అని పేరు కూడా చూడలేదన్నా" అన్నారు. రెండు రాత్రులు నాకు నిద్ర లేదు.

పాత పద్ధతికే వెళ్లిపోదామని ఇంట్లో, గోడౌన్‌లో అందరూ అన్నారు. నాకు మనసొప్పలేదు. మా నాయన గాంధీ రోడ్డు అంగట్లో పది చీటీలు ఒకేసారి కట్టేవాడు, ఒక్కటీ మారేది కాదు. ఆయన కొడుకు దగ్గర సరుకు మారిందంటే నాకెంత నామోషీగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. ఆదివారం ఖాళీ గోడౌన్‌లో చీటీలు పట్టుకుని నేనే తిరిగాను. మూడో రౌండులో నాయన చేతులు గుర్తొచ్చాయి. ఆయన ముందు పది సంచులు వరసగా నోరు తెరిచి ఉండేవి. కందిపప్పు తూచగానే ఏ సంచిలోది ఆ సంచిలో పడేది. ఒకచోట కుప్ప పోసి తర్వాత పంచడమనేదే లేదు.

ఇప్పుడు మేమూ అంతే. ట్రాలీలో ఆరు టమోటా క్రేట్లు, ఒక్కో దానికి ఒక చీటీ. ర్యాకు దగ్గరే ఎవరి డబ్బా వాళ్ల క్రేట్లోకి వెళ్తుంది. ఎనిమిదితో చూశాం, తడబాటు వచ్చింది, ఆరుకే ఆగాం. చీటీలో సరుకు మీరు రాసిన వరసలో కాక ర్యాకుల వరసలో వస్తుంది. బెల్లం, నూనె డబ్బాలు ముందు అడుగున పడతాయి, అప్పడాలు ఆఖర్న. రెండు పొడులూ గోడౌన్‌కు చెరో చివర ఉన్నాయి. చెనిక్కాయలు కలిసిన ప్రతిదానికీ పచ్చ మూత పెట్టాం. టేపు వేసే ముందు ఇంకొకరు చీటీ పైకి చదువుతారు.

దీనికి టైము పడుతుంది. అందుకే పొద్దున 11 తర్వాత వచ్చిన ఆర్డర్లు మరుసటి రోజే వెళ్తాయి. కొందరికి కోపం వస్తుందని తెలుసు, ఈ ఒక్క విషయంలో మాత్రం నన్ను ఒత్తిడి చేయొద్దు.

ఇంట్లో ఎవరికైనా ఏదైనా పడకపోతే ఆర్డర్‌తోపాటు ఆ ముక్క రాయండి. ఆ చీటీ సరుకు నేనే తీస్తాను.