కొల్లేరు అంచును నెలనెలా చూపించండి: మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ అటవీ, పర్యావరణ శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

కొల్లేరు హద్దు ఎక్కడన్న ప్రశ్నకు కాగితాల్లో జవాబు ఉంది. 5వ కాంటూరు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తును చూపే గీత, లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో సరస్సు అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో చేపల చెరువుల గట్లు తెంచారు. తర్వాత చాలాచోట్ల మళ్లీ గట్లు లేచాయి. కాంటూరు గీత కదలదు, నీరు కదులుతుంది. ఆ నీరు ఏ నెలలో ఎంతవరకు వచ్చిందో, ఏ గట్టు దగ్గర ఆగిందో లంక గ్రామాల ప్రజలు తమ కళ్లతో చూసుకోగలగాలి. నేను ఆ గ్రామాల్లోనే పెరిగాను. ఈ లేఖ అందుకే.

బుడమేరు, తమ్మిలేరు పొంగి సరస్సు నిండే రోజుల్లోనే ఆకాశమంతా మబ్బు. మామూలు ఉపగ్రహ కెమెరాలకు అప్పుడు మేఘాలే కనిపిస్తాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చేరవలసింది కొల్లేరుకే. అలాంటి సమయంలో అక్కరకొచ్చేది రాడార్. అది తన తరంగాలను తానే పంపుతుంది కాబట్టి మబ్బు, చీకటి అడ్డుకావు. నిశ్చలమైన నీరు ఆ తరంగాన్ని అద్దంలా అవతలికి తోసేస్తుంది, చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. నేల కొంత వెనక్కి పంపుతుంది, తెల్లబడుతుంది. రెండూ కలిసే చోటే ఒడ్డు. ఐరోపా వారి రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 చిత్రాలు 2014 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. మన ఇస్రో, అమెరికా నాసా కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం నైసార్ 2025 జులై 30న శ్రీహరికోట నుంచే నింగికెగిసింది. 12 రోజులకోసారి అదే దారిలో తిరిగి వస్తుంది.

అయితే రాడార్ గీసిన గీతే శాసనమని ఎవరైనా చెబితే దయచేసి ఒప్పుకోకండి. కొల్లేరు చిత్రంలో చెరువు గట్లు తెల్లటి గీతలుగా, వాటి మధ్య నీరు నల్లటి గళ్లుగా తేలతాయి. అంతవరకు బాగానే ఉంటుంది. గుర్రపుడెక్క కప్పేసిన చోట మాత్రం కింద నిండా నీరున్నా అది నేలలాగే కనిపిస్తుంది. సెంటినెల్ తరంగం పొడవు సుమారు 5.6 సెంటీమీటర్లే, ఆకుల దగ్గరే చెదిరి వెనక్కి వస్తుంది. నైసార్‌లోని సుమారు 24 సెంటీమీటర్ల తరంగం కిక్కిస లాంటి మొక్కల మధ్యకు ఇంకొంత లోతుగా వెళ్లగలదు. నీటికీ కాడలకూ తగిలి వెనక్కి వస్తే ఆ చోటు మెరుస్తుంది. గాలి వీచి అలలు లేచినా నీరు తెల్లబడుతుంది. కాబట్టి ఒకే చిత్రాన్ని పట్టుకుని ఎవరి చెరువునైనా ఆక్రమణ అనడం అన్యాయం. ఆ అన్యాయం ముందుగా పడేది చిన్న రైతు మీదే. వరుస చిత్రాలు చూడాలి, దోనె వేసుకెళ్లి నీటి లోతు కొలవాలి. ఆ పని మత్స్యకారులకు తగిన కూలి ఇచ్చి చేయించండి, కొల్లేరు వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది నీరు నిలిచే కాలం. వరద వచ్చాక, సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు గుండా నీరు ఎన్నాళ్లకు దిగిందన్నది ఏ ఒక్క రోజు చిత్రమూ చెప్పలేదు. ఏ లంక చుట్టూ నీరు ముందు దిగింది, ఏ గట్టు వెనుక వారాల తరబడి నిలిచిందన్నది వరుస పటాలతోనే తేలుతుంది. రెండు చిత్రాల మధ్యలో వచ్చి పోయే వరద ఉపగ్రహానికి దొరకదు కనుక నీటిమట్టం కొలిచే స్కేళ్ల లెక్కలూ పక్కన చేర్చాలి.

సముద్రం కోసేస్తున్న కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరానికీ ఇదే పద్ధతి కావాలి. అక్కడ గీతతోపాటు ఆ సమయంలో ఆటు ఉందో పోటు ఉందో రాయకపోతే, పోని నేల పోయినట్టు, పోయిన నేల ఉన్నట్టు కనిపిస్తుంది.

హైదరాబాద్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది, రాష్ట్రానికి సొంత స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ ఉంది. ముందు 2014 నుంచి ఉన్న చిత్రాలతో కొల్లేరు అంచు పటాలు తయారు చేయించండి. తర్వాత నెలకొకటి, 5వ కాంటూరు మీద నీటి గీత వేసి, తెలుగులో విడుదల చేయించండి. మొదటి పటాన్ని వచ్చే వర్షాకాలానికి ముందే కైకలూరు, మండవల్లి, ఆకివీడు మండల కార్యాలయాల గోడలకు అంటించండి. తప్పులుంటే మా ఊళ్లవాళ్లు చెబుతారు. వాటిని దిద్దే బాధ్యత ఏ అధికారిదో ఆ పటం కిందే రాసి ఉండాలి.

ఇట్లు,
కొల్లేరు లంక గ్రామ నివాసి