కాలి సిరల గురించి నీకు రాస్తున్న ఉత్తరం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. పిక్క మీద ఉబ్బిన సిరల గురించి నువ్వడిగిన ప్రశ్నలు నా దగ్గరికి వచ్చే రోగుల్లో చాలామంది అడిగేవే కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

కంటికి కనిపించే ఆ మెలికల సిరే జబ్బని చాలామంది అనుకుంటారు. దాన్ని తీసేస్తే అంతా నయమైపోతుందని కొందరు ఆశపడితే, తీసేస్తే కాలికి రక్తప్రసరణ ఆగిపోతుందేమోనని నీలాగే మరికొందరు భయపడతారు. నిజానికి లోపం తరచుగా అంతకంటే పైన, తొడ లోపలివైపు చర్మం కింద సాగే పెద్ద సిరలో ఉంటుంది. రక్తాన్ని గుండెవైపే వెళ్లనివ్వవలసిన కవాటాలు అక్కడ సరిగా మూసుకోకపోవడంతో, మనం నిలబడినప్పుడు రక్తం కిందికి జారి, ఆ ఒత్తిడికి కింది కొమ్మలు సాగిపోతాయి.

ఈ సంగతి ఎంత చెప్పినా ఎక్కనివాళ్లకు, ధ్వని తరంగాలతో రక్తం ఎటు పారుతోందో చూపే డాప్లర్ పరీక్షలో ఒక్క క్షణంలో అర్థమవుతుంది. రోగిని నిలబెట్టి, పిక్కను చేత్తో నొక్కి వదులుతాం. నొక్కినప్పుడు తెర మీద ఒక రంగు పైకి పాకుతుంది. వదలగానే రంగు మారి, రక్తం వెనక్కి జారడం కనిపిస్తుంది. అది అర సెకనుకు మించి సాగితే కవాటం చెడినట్లే. తెరను రోగివైపు తిప్పి చూపించడం ప్రతి వైద్యుడూ చేయవలసిన పని అని నా గట్టి అభిప్రాయం.

నీ భయం విషయానికొస్తే, కాలి నుంచి తిరిగి వెళ్లే రక్తంలో దాదాపు 90 శాతం లోతు సిరల గుండానే పోతుంది కనుక, అవి బాగుంటే చర్మం కింద చెడిన ఆ సిరను మూసేసినా నష్టముండదు. బిగుతు మేజోళ్లు బరువునూ వాపునూ తగ్గిస్తాయి గాని కవాటాన్ని బాగుచేయలేవు. బ్రిటన్‌లో వైద్యులకు చికిత్సా సూచనలిచ్చే నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, చికిత్స అవసరమైనవారికి ముందుగా లేజర్ లేదా రేడియో తరంగాల వేడితో సిరను మూయాలి. అది కుదరకపోతే నురుగు మందు ఎక్కించాలి. అదీ పనికిరానప్పుడే శస్త్రచికిత్స. వేడి చికిత్సకు సాధారణంగా ఆ భాగానికి మాత్రమే మత్తు ఇస్తే చాలు, చాలామంది అదేరోజు నడిచి ఇంటికి వెళ్తారు.

అయితే రోగులకు ముందే చెప్పవలసిన మాట ఒకటి తరచూ మిగిలిపోతుంది. మూసిన సిర పని అయిపోయినా, ఆ కాలికున్న స్వభావం పోదు. కొన్నేళ్లకు మరో సిర ఉబ్బవచ్చు. అది తెలియనివాళ్లు చికిత్స విఫలమైందని కుంగిపోతారు. అలాగే సిర ఎంత లావుగా ఉంటే నొప్పి అంత ఎక్కువనుకోవడం కూడా పొరపాటే. పెద్ద మెలికలున్నా బాధ లేనివాళ్లున్నారు. సన్న సిరలతోనే సాయంత్రానికి కాళ్లు లాగేసేవాళ్లూ ఉన్నారు. మోకాలి అరుగుదల వల్లనో నడుము వల్లనో వచ్చే నొప్పిని సిరకు అంటగడితే, ఎంత చక్కగా చికిత్స చేసినా ఆ నొప్పి తగ్గదు.

అందం సమస్యే కదా అని వదిలేయవద్దు. చీలమండ లోపలివైపు చర్మం నల్లబడుతోందా, గట్టిపడుతోందా చూసుకో. పుండు పడేది ఎక్కువగా అక్కడే. ఇలాంటి కాలి పుండ్ల మీద జరిపి 2018లో వెలువరించిన ఎవ్రా అధ్యయనంలో, బిగుతు కట్టుతోపాటు సిరకు తొందరగా చికిత్స చేసినవారి పుండ్లు మధ్యస్థంగా 56 రోజుల్లో మానితే, చికిత్సను వాయిదా వేసినవారికి 82 రోజులు పట్టింది. సిర చిట్లి రక్తం కారితే వెంటనే పడుకుని, కాలు పైకెత్తి, అక్కడ గట్టిగా అదిమిపట్టి, వైద్యసహాయం పిలిపించు.

ముందు నిలబెట్టి తీసే డాప్లర్ చేయించుకో. ఏ సిరలో రక్తం వెనక్కి వస్తోందో, నీ నొప్పికి అదే కారణమో కాదో వైద్యుణ్ణి సూటిగా అడుగు. రిపోర్టు రాగానే నాకు పంపు.

ఇట్లు,
నీ మిత్రుడు