మన షాపు బోర్డు ఎందుకు మారుస్తున్నానంటే

అందరికీ నమస్కారం అండి. గంటస్తంభం దగ్గర మన చిరుధాన్యాల షాపు బోర్డు మీద ఉన్న "ప్రకృతి వైద్యం" అనే మాట ఈ వారం తీయించేస్తున్నాను. సంక్రాంతి ముందు పంచిన కరపత్రంలో "షుగర్‌కి ప్రకృతి పరిష్కారం" అని వేయించాను కదా, అది తప్పు, నేనే చేశాను. షుగర్ తగ్గిస్తామని ప్రకటన ఇవ్వకూడదని 1954 నుంచీ చట్టం ఉందని కూడా నాకు తర్వాతే తెలిసింది.

మొన్న నెల్లిమర్ల నుంచి ఒక పెద్దావిడ వచ్చి "బాబూ, నీ కాగితం చూసి చోడంబలి (రాగి అంబలి) మొదలెట్టాను, మాత్రలు మానీసాను, హోమియో కూడా నీ దగ్గరే ఉంటదంట కదా, ఓ సీసా ఇయ్యి" అన్నారు. నాకు నోట మాట రాలేదు. అక్కడే కూర్చోబెట్టి వాళ్లబ్బాయికి ఫోన్ చేసి డాక్టర్ దగ్గరికి పంపించాను, షుగర్ బాగా పెరిగిపోయిందట, ఇప్పుడు మళ్లీ మాత్రలు వేసుకుంటున్నారు.

హోమియో అన్నా ప్రకృతి వైద్యం అన్నా చాలామందికి ఒకటే, ఇంగ్లీషు మందు కానిది, అంతే. కానీ రెండూ వేరే వేరే. హోమియో మందులిచ్చే వైద్యం, జర్మనీ డాక్టరు హానిమన్ 1796లో బయటపెట్టాడు, మంచిగా ఉన్న మనిషికి ఏది ఇస్తే ఒక లక్షణం వస్తుందో అదే పదార్థం బాగా పలచన చేసి ఇస్తే ఆ లక్షణం ఉన్న రోగికి తగ్గుతుందని ఆయన సిద్ధాంతం. ఎంత పలచన అంటే, సీసా మీద 30సి అని ఉంటుంది చూడండి, ఒక చుక్క 99 చుక్కల స్పిరిట్‌లో వేసి కుదిపి, అందులోంచి ఒక చుక్క మళ్లీ 99లో, ఇలా 30 సార్లు. 12 సార్లు దాటేసరికే అసలు పదార్థం అణువు ఒక్కటి మిగలడం కూడా కష్టం. 2015లో ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలి పరిశీలించి, ఏ జబ్బుకీ ఇది పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని చెప్పింది. మా ఇంట్లోనూ జలుబుకి ఆ తెల్ల గోలీలు వేసుకుంటారు, గొడవపడను, కానీ షుగర్ మాత్ర బదులు అంటే మాత్రం వద్దనే అంటాను. పైగా అవి అమ్మడానికి వేరే లైసెన్సు కావాలి, నాకు లేదు.

ప్రకృతి వైద్యంలో మందే ఉండదు. మట్టి పట్టీ, తొట్టి స్నానం, ఆవిరి, ఉపవాసం, తిండి మార్పు. గాంధీగారు 1946లో పుణె దగ్గర ఉరుళీకాంచన్‌లో పెట్టించిన ఆశ్రమం ఇదే. తిండి, నడక, బరువు తగ్గడం మంచిదని మామూలు డాక్టర్లూ చెప్తారు, అంతవరకు నాకూ నమ్మకమే. కానీ ఇన్సులిన్ వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా పస్తుంటే షుగర్ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది, ఇది ఎవరూ గట్టిగా చెప్పరు.

చోడంబలి సంగతి కూడా చెప్పేస్తాను. చోళ్లలో కాల్షియం, పీచు ఉన్నాయి, మన తాతలు తిన్నారు, నేనూ రోజూ తాగుతాను. అయినా అది పిండిపదార్థమే, మెత్తగా పట్టించి కాస్తే తొందరగా అరిగి షుగర్ పెంచుతుంది. తిండిగా తినండి, మందు అనుకోకండి.

కొత్త బోర్డు మీద "చోళ్లు, గంటెలు (సజ్జలు), కొర్రలు, గానుగ నూనె" అని మాత్రమే ఉంటుంది. ఆ కరపత్రం చూసి కొన్నవాళ్లు ప్యాకెట్ విప్పేసినా పర్లేదు, తీసుకురండి, డబ్బులు పూర్తిగా ఇచ్చేస్తాను. ఈ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాకా షాపులోనే ఉంటాను.