ఊడిన షూ లేసుని గమనించిన అక్కకి, ఆ రోజు పరిగెత్తుకొచ్చిన అందరికీ

ఈ నాలుగు మాటలు రాయడానికి 12 రోజులు పట్టింది. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఆ మధ్యాహ్నం ఫోన్ మోగిన చప్పుడే గుర్తొచ్చి లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు వాడు పక్క గదిలో చెల్లితో రిమోట్ కోసం గొడవ పడుతున్నాడు. ఆ అరుపులు వింటూ రాస్తున్నాను.

మా బాబుకి 9 ఏళ్ళు. ఆరుబయట ఆటలు నేర్పే సమ్మర్ క్యాంపులో చేర్చాం, పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి వచ్చేస్తారు. మూడో రోజు మధ్యాహ్నం ఆట ఆపగానే పిల్లలంతా నీళ్ళ కోసం చెట్ల కిందికి పరిగెత్తారట. వీడొక్కడే గ్రౌండ్‌లో నిలబడి, ఊడిపోయిన షూ లేసు వైపు చూస్తూ ఉండిపోయాడు. వంగాడు, లేసు రెండు కొసలూ పట్టుకున్నాడు, ముడి వేయకుండానే వదిలేసి మళ్ళీ నిలబడ్డాడు. అంతే. ఏడవలేదు, పడిపోలేదు, ఎవర్నీ పిలవలేదు.

అక్కడ వాలంటీరుగా చేస్తున్న కాలేజీ అమ్మాయి అది చూసింది. పిల్లలంతా ఆమెని అక్కా అంటారు, నేనూ అలాగే అంటాను. దగ్గరికెళ్ళి "నాన్నా, నువ్వు ఏ టీమ్?" అని అడిగితే "నా హోంవర్క్ అయిపోయింది" అన్నాడట. ఇంకొకరైతే నవ్వేసి వెళ్ళిపోయేవాళ్ళేమో. అక్క నవ్వలేదు. వాణ్ణి ఎత్తుకుని నీడలోకి పరిగెడుతూనే నర్సు గారిని కేకేసింది.

నర్సు గారు నుదుటి మీద థర్మామీటర్ పెడితే 38 డిగ్రీల సెల్సియస్ చూపించిందట. మామూలు జ్వరం అనుకుని మాత్ర వేసి పడుకోబెట్టొచ్చు. ఆవిడ ఆ నంబరుని నమ్మలేదు, వాడి మాటని నమ్మారు. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పారు: ఎండలో, చెమటతో తడిసిన చర్మం మీద పెట్టే థర్మామీటర్ లోపలి వేడి కంటే తక్కువ చూపించొచ్చు, వేడిలో పరుగెత్తిన పిల్లాడు తికమకగా మాట్లాడుతున్నాడంటే వడదెబ్బ కిందే లెక్కేసి వెంటనే చల్లబరచాలి. ఒళ్ళు పొడిగా ఉంటేనే వడదెబ్బ అని నేను చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చాను. ఆడుతూ పరిగెడుతూ వచ్చే వడదెబ్బలో చెమట కారుతూనే ఉండొచ్చట. వాడికి కారుతూనే ఉంది.

పిల్లలు చేతులూ మొహం తడుపుకోవడానికి అక్కడ ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టి ఉంచుతారు. షూ, చొక్కా విప్పేసి మెడ వరకూ ఆ నీళ్ళలో కూర్చోబెట్టారు. కూల్ బాక్సులో ఉన్న ఐసంతా అందులో గుమ్మరించారు. అక్క వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని, వాడి చంకల కింద చేతులు పెట్టి తల నీళ్ళలోకి జారకుండా పట్టుకుంది. నర్సు గారు నీళ్ళు కలుపుతూ, తడి తువ్వాలు తల మీద మారుస్తూ, వాడితో మాట్లాడిస్తూనే ఉన్నారు. ఇంకొకరు అంబులెన్సుకి ఫోన్ చేశారు, ఒక మాస్టారు గేటు దగ్గరికి పరిగెత్తి నిలబడ్డారు, ఇంకొకావిడ మిగతా పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళి పాటలు పాడించారు. నోట్లో నీళ్ళు మాత్రం ఎవరూ పోయలేదు. స్పృహ సరిగ్గా లేని పిల్లలకి తాగించబోతే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నేనక్కడ ఉంటే ముందు చేసే పని అదే, గ్లాసు పట్టుకుని నోటికి పెట్టేసేదాన్ని.

అంబులెన్సు వచ్చేసరికి వాడు నీళ్ళలో పది నిమిషాలు ఉన్నాడు. వాళ్ళు చూస్తే అప్పటికీ 39 పైనే ఉంది. మొదట్లో 40 దాటే ఉంటుందని హాస్పిటల్లో డాక్టర్ గారు అన్నారు. "ముందు చల్లబరచాలి, తర్వాతే బండెక్కించాలి, వాళ్ళు సరిగ్గా అదే చేశారు" అని రెండు సార్లు చెప్పారు. మొదటి అరగంటలోనే ఆ వేడి దిగాలట, ఆలస్యమయ్యే కొద్దీ మెదడు, కిడ్నీలు, లివర్ దెబ్బతింటాయి. రాత్రంతా ఉంచి రక్త పరీక్షలు చేశారు. అన్నీ బాగానే వచ్చాయి. తెల్లవారి వాడు కళ్ళు తెరిచి మొట్టమొదట అడిగింది, "అక్క నా షూ ఎక్కడ పెట్టింది?" అని.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. క్యాంపు మొదలవడానికి ముందు రెండు రోజులు వాడికి విరేచనాలు. తగ్గిపోయాయి కానీ నీరసం పూర్తిగా పోలేదు. ఫారంలో "గత వారంలో జ్వరం, వాంతులు, విరేచనాలు ఏమైనా ఉన్నాయా" అని అడిగారు. ఉన్నాయని రాస్తే రావద్దంటారేమో, వాడు ఎంత ఆశపడ్డాడో అని, లేవు అని టిక్ పెట్టాను. ఒంట్లో నీరు తగ్గి ఉన్న పిల్లాణ్ణి, ఎండకి ఇంకా అలవాటుపడని మొదటి రోజుల్లోనే పరుగులకి పంపాను. ఆ సంగతి హాస్పిటల్లో డాక్టర్ గారు అడిగితేనే బయటపడింది. నర్సు గారికి ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "రాసి ఉంటే వద్దనేవాళ్ళం కాదమ్మా, మొదటి వారం నీడలో ఆడే ఆటలు ఇచ్చి, అరగంటకోసారి తాగించేవాళ్ళం" అన్నారు. అది విన్నాక నాకు మాట రాలేదు.

ఆ ఫారం చదువుతున్నప్పుడు ఇన్ని ప్రశ్నలెందుకని విసుక్కున్నాను కూడా. వాడే మందులన్నీ ఎందుకు అడుగుతారో ఇప్పుడు తెలిసింది. నిద్రమత్తు తెచ్చే పాతరకం అలర్జీ మాత్రలు కొన్ని చెమట పట్టనివ్వవట, అవి వేసుకున్న పిల్లల్ని ఎండలో ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. ఆస్తమా ఉన్న పిల్లల ఇన్‌హేలర్ ఆఫీసు బీరువాలో తాళం వేసి కాకుండా, ఆ గ్రూపుతో వెళ్ళే వాలంటీరు నడుముకి కట్టుకున్న సంచిలోనే ఉంటుంది. తేనెటీగ కుడితే ఒళ్ళంతా వాచి ఊపిరాడని అలర్జీ ఉన్న ఒక పాప కోసం తొడకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షను పెన్ను కూడా అలాగే ఆ పాప వెంటే తిరుగుతుంది.

ఈత రోజున పిల్లల్లో ప్రతి ఒక్కరికీ ఒక జోడీ. పది నిమిషాలకోసారి విజిల్ వేస్తే జోడీలు చేతులు పట్టుకుని పైకెత్తాలి, లెక్కపెట్టాకే మళ్ళీ ఈత. మాటిమాటికీ ఆపేస్తున్నారని మా వాడు చెప్తే నేనూ అతి జాగ్రత్త అనుకున్నాను. మునిగే పిల్లలు కేకలు వేయరు, చప్పుడు లేకుండా వెళ్ళిపోతారు. మా వాడు గట్టి నేల మీద నిలబడి కూడా ఒక్క మాట అనలేదు కదా.

అక్కా, నీ పేరు ఇక్కడ రాయొద్దన్నావు, రాయడం లేదు. ఆ రోజు వాణ్ణి టబ్బులో పట్టుకుని కూర్చున్నప్పుడు ఐసు నీళ్ళకి నీ చేతులు మొద్దుబారిపోయాయని, సాయంత్రం వరకూ పెన్ను పట్టుకోలేకపోయావని ఎవరో చెబితే తెలిసింది. నువ్వు చెప్పలేదు. మీ అమ్మానాన్నలకి కూడా మా దండాలు చెప్పు. నర్సు గారూ, మీరు రెండు పూటలా ఫోన్ చేసి వాడి మూత్రం రంగు దాకా అడిగారు, ముదురు పసుపు ఉంటే ఇంకా తాగించమన్నారు. మా ఇంట్లోవాళ్ళే అంత అడగలేదు. గేటు దగ్గర నిలబడ్డ మాస్టారికి, అంబులెన్సు అన్నలకి, పాటలు పాడించిన ఆవిడకి, రాత్రంతా గంటకోసారి వచ్చి చూసిన హాస్పిటల్ సిస్టర్స్‌కి ఎన్నిసార్లు చెప్పినా చాలదు.

కనీసం వారం రోజులు పరుగులు వద్దన్నారు, ఆ తర్వాత కూడా కొద్ది కొద్దిగా మొదలుపెట్టమన్నారు. నిన్న డాక్టర్ గారు మళ్ళీ చూసి సరేనన్నారు. సోమవారం పొద్దున గంటసేపు పంపుతున్నాం, నీడలో కూర్చునే ఆటలకి మాత్రమే. ఫారం మళ్ళీ అడిగి తెచ్చుకుని మొదటి నుంచీ నింపాను, ఈసారి వాళ్ళ నాన్న కూడా పక్కన కూర్చుని చదివారు. మీరు వాడికి చుట్టి పంపిన నీలం తువ్వాలు ఉతికి మడతపెట్టి సంచిలో పెట్టాను. వాడే తెచ్చి ఇస్తానంటున్నాడు, అక్క చేతికే ఇస్తాడట.