ఫొటోగ్రఫీ దినోత్సవ వ్యాసంలో టాల్బట్ ప్రస్తావన ఉండవలసింది

సంపాదకులకు నమస్కారాలు.

ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, 1839 ఆగస్టు 19న పారిస్‌లో డాగేర్ కనిపెట్టిన ఫొటో పద్ధతిని లోకానికి వెల్లడించిన సంఘటనతో మొదలై, 1880 మార్చిలో న్యూయార్క్ డైలీ గ్రాఫిక్ పత్రికలో హాఫ్‌టోన్ (ఫొటోను సన్నని చుక్కలుగా విడగొట్టి అచ్చువేసే పద్ధతి) చిత్రం అచ్చయిన సంగతి దగ్గరికి ఒక్క గెంతులో చేరుకుంది. లెటర్‌ప్రెస్సు రోజుల్లో కడపలో బొమ్మలు అచ్చువేసే జింకు బ్లాకులు తయారు చేసినవాడిని కనుక, ఆ నడిమి నలభై ఏళ్లలో ఫొటోను అచ్చు సిరాతో ముద్రించడానికి టాల్బట్ చేసిన కృషిని పాఠకుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

డాగేర్ పద్ధతిలో వెండి పూత పూసిన రేకు మీద వచ్చేది ఒకే ఒక్క బొమ్మ. దానినుంచి ప్రతులు తీయడానికి వీలు లేదు. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ కాగితపు నెగెటివ్ (వెలుగు నీడలు తారుమారుగా ఉండే మూలచిత్రం) కనిపెట్టి ఆ ఇబ్బందిని తొలగించాడు గాని, వెండి లవణాలతో కాగితం మీద తీసిన ప్రతులు కొన్నాళ్లకు పసుపుబారి వెలిసిపోయేవి. లండన్ ఫొటోగ్రఫీ సంఘం 1855లో ఈ సమస్య మీద ప్రత్యేకంగా ఒక కమిటీనే వేయవలసి వచ్చింది. పుస్తకంలో ఫొటో ఉండాలంటే ప్రతి కాపీలోనూ ఒక్కొక్క ప్రింటునూ చేత్తో అంటించడం తప్ప అప్పట్లో మరో దారి లేదు. మన కడప జిల్లా అప్పుడు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో లినయస్ ట్రైప్ అనే ఫొటోగ్రాఫర్ 1858లో వెలువరించిన మదుర, తంజావూరు ఆల్బములు కూడా అలా అంటించినవే. పత్రికల సంగతి సరేసరి. ‘ఫొటోను బట్టి’ అని కింద రాసి ఉన్నా, పైన అచ్చయిన బొమ్మ మాత్రం చెక్కమీద చెక్కేవాడు చూసి తన చేత్తో చెక్కినదే.

వెండి కాగితాన్ని పక్కన పెట్టి, వెలుతురు చేతనే లోహపు రేకును చెక్కించి, మామూలు అచ్చు సిరాతో ముద్రించాలన్నది టాల్బట్ పట్టుదల. దీనికి 1852లో ఒక పేటెంటు, మెరుగుపరిచిన పద్ధతికి 1858లో మరొకటి తీసుకున్నాడు. రెండో దానికి ‘ఫొటోగ్లిఫిక్ ఎన్‌గ్రేవింగ్’ అని పేరు పెట్టాడు. ఉక్కు లేదా రాగి రేకు మీద జిలాటిన్‌లో పొటాషియం బైక్రోమేట్ కలిపి పూస్తారు. ఆరిన తరువాత పారదర్శకమైన పాజిటివ్‌ను (వెలుగు నీడలు అసలులాగే ఉండే బొమ్మను) దానిమీద పెట్టి ఎండ చూపిస్తే, వెలుతురు తగిలినచోట జిలాటిన్ గట్టిపడుతుంది, తగలనిచోట మెత్తగానే ఉంటుంది. ఆ పైన కోపల్ అనే గుగ్గిలాన్ని మెత్తని పొడిగా చల్లి, రేకును వేడి చేసి కరిగిస్తే, బొమ్మ అంతా సన్నని చుక్కలుగా విడిపోతుంది. చివరికి ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం పోస్తారు. అది మెత్తగా ఉన్న చోట్లనుంచి లోపలికి దిగి లోహాన్ని తింటుంది. ద్రావణం చిక్కగా ఉన్నప్పుడు జిలాటిన్‌లోకి తక్కువగా, పలుచన చేసేకొద్దీ ఎక్కువగా దిగుతుందని టాల్బట్ గ్రహించడమే ఈ పద్ధతికి ఆయువుపట్టు. నీడలోని తేడాలన్నీ ఆ కిటుకుతోనే వచ్చాయి. మా బ్లాకు షాపుల్లోనూ ఇవే సరుకులు వేరే రూపంలో వాడేవాళ్లం గనుక, చదువుతుంటే ఇదంతా చేతికి తెలిసిన పనిలాగే అనిపించింది.

అయితే పద్ధతిని కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని లోకం చేత నమ్మించడం మరో ఎత్తు. అందులోనూ టాల్బట్ మీద ఫొటోగ్రాఫర్లకు అప్పటికే గుర్రు ఉంది. తన పాత పేటెంట్ల విషయంలో ఆయన పట్టిన పట్టు 1854లో లారోష్ అనే ఫొటోగ్రాఫర్‌తో కోర్టు వ్యాజ్యం దాకా వెళ్లింది. అలాంటి మనిషి తన కొత్త పద్ధతి గొప్పదని తానే చెప్పుకుంటే ఎవరు వింటారు? ఇక్కడే పత్రిక పాత్ర వచ్చింది. 1858 సెప్టెంబరులో లండన్‌లో మొదలైన ‘ఫొటోగ్రాఫిక్ న్యూస్’ వారపత్రికకు విలియం క్రూక్స్ సంపాదకుడు. వయసు 26 ఏళ్లు, వృత్తి రసాయనశాస్త్రం. తరువాత 1861లో థాలియం మూలకాన్ని కనుగొన్నది ఈయనే. అక్టోబరులో ఆ పద్ధతి వివరాలను పత్రికలో ప్రకటించి, నవంబరు 12 సంచికలో ఏకంగా టాల్బట్ రేకులతో ముద్రించిన చిత్రాలనే పాఠకులకు అందించాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో పారిస్‌లోని ట్యూలరీ భవనం చిత్రాన్ని కూడా అదే విధంగా ఇచ్చాడు. పొగడ్త ఎంత రాసినా రానంత నమ్మకం ఆ చిన్న కాగితంతో వచ్చి ఉంటుందని నా అభిప్రాయం. చెక్కేవాడి చెయ్యి పడిందా లేదా అన్నది భూతద్దం పెట్టి చూసుకునే అవకాశం చదువరికే దక్కింది. సంపాదకత్వం అంటే ఇదీ అని నాకు అనిపిస్తుంది.

ఆ చిత్రాలకు ఒక పరిమితి ఉన్న మాట కూడా నిజమే. గుంటల్లో సిరా నిలిపి తీసే అచ్చు కావడం వల్ల, ఎత్తుగా ఉండే సీసపు అక్షరాలతో కలిపి ఒకే మిషను మీద ముద్రించడానికి అది పనికిరాదు. విడిగా తీసి సంచికలో చేర్చవలసిందే. అక్షరాల పక్కనే ఫొటో కూర్చోవడానికి హాఫ్‌టోన్ బ్లాకు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది గనుక మీ వ్యాసకర్త 1880ని ఎంచుకోవడంలో తప్పు లేదు. కాని గుగ్గిలపు చుక్కలతోనూ, అంతకుముందు 1852 పేటెంటులో చెప్పిన పల్చటి బట్ట తెరతోనూ బొమ్మను ముక్కలు చేయవచ్చన్న ఆలోచన టాల్బట్‌దే. 1879లో వియన్నాలో కార్ల్ క్లిచ్ మెరుగుపరిచిన ఫొటోగ్రావ్యూర్‌కు (ఫొటోను రేకులో గుంటలుగా దింపి అచ్చువేసే పద్ధతికి) పునాది కూడా ఆ పద్ధతే.

వచ్చే ఆగస్టులోనైనా టాల్బట్ రేకుతో తీసిన చిత్రమొకటి మీ అనుబంధంలో తగినంత పెద్దదిగా వేసి, పక్కన క్రూక్స్ పేరు కూడా రాయవలసిందిగా కోరుతున్నాను. అలాగే కడప, ప్రొద్దుటూరు ప్రెస్సుల్లో మూలపడి ఉన్న జింకు, రాగి బ్లాకులను తూకానికి వేయకుండా, యర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయం వారిని సంప్రదించి అక్కడ భద్రపరచే వీలుందేమో కనుక్కోవలసిందిగా యజమానులకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను. బ్లాకు వెనకున్న చెక్కకు చెదలు పట్టి ఉంటే, మేకులు ఊడదీసి రేకు ఒక్కటే దాచినా చాలు.

ఇట్లు,
ఒక పూర్వపు బ్లాకు మేకరు,
కడప.